కత్తెర రొయ్యలు పెంచండి, చుట్టాలు వాళ్ళే వస్తారు

మీ ఇంటికి ఎవరూ రావడం లేదా? అయితే దయచేసి మంచితనం పెంచుకోకండి. దానివల్ల ఇంతవరకూ ఎవరి గుమ్మమూ అరిగిన దాఖలా లేదు. పెరట్లో ఒక గుంట తవ్వి, నీళ్ళు నింపి, అందులో కత్తెర రొయ్యలు పెంచండి.

నేను వేళాకోళం ఆడుతున్నానని అనుకునేవాళ్ళు స్వీడన్‌లో ఒక్క ఆగస్టు నెల కూడా గడిపి ఉండరు. వాళ్ళ మీద నాకు జాలే తప్ప కోపం లేదు.

ఈ ప్రాణిని ముందు నుంచి చూస్తే పీత, వెనక నుంచి చూస్తే రొయ్య. మహా అయితే అరచెయ్యంత ఉంటుంది. రెండు కత్తెర్లూ చాచుకుని, ఎవరో మధ్యాహ్నం నిద్ర చెడగొట్టినట్టు ఎప్పుడూ చిరాగ్గా ఉంటుంది. అయితే ఏం? అల్లుళ్ళు అలా ఉండరా? వాళ్ళని మనం మేపడం లేదా?

దీన్ని పెంచితే నష్టాలున్నాయని కొందరు ప్రచారం చేస్తున్నారు. కొలను గట్టుకు బొరియలు పెడుతుందట. పెట్టనివ్వండి! నీరు కారిపోతుంది, మీరు రోజూ బకెట్లు మోస్తారు, జిమ్ముకు వెళ్ళే ఖర్చు తప్పుతుంది. కలువ మొక్క వేస్తే తెల్లారేసరికి కాడ మాత్రమే మిగులుస్తుందట. తోటపని ఆ మేరకు తగ్గినట్టే కదా? పెంకు విడిచి మెత్తగా ఉన్న సమయం చూసి సొంత అన్నదమ్ములనే తినేస్తుందట. మన కుటుంబాల్లో ఈ కార్యక్రమం ఆస్తి పంపకాల దాకా ఆగుతుంది. వీటిలో ఆ జాప్యం లేదు, అంతే తేడా.

ఇక వానపడితే గట్టెక్కి పక్కింటి పెరట్లోకి షికారు వెళుతుందన్న ఆరోపణ ఒకటుంది. అది ఆరోపణ కాదు, అసలు లాభమే అక్కడుంది. నమ్మకపోతే మా ఊరి హిల్డింగ్ సంగతి వినండి.

హిల్డింగ్ దక్షిణ స్వీడన్‌లోని స్మోలాండ్ అడవుల్లో, మా లింగరూడ్ ఊరి చివరింట్లో ఉంటాడు. గాజు కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యాడు. భార్య ఆస్త. ఇద్దరికీ ఏ లోటూ లేదు, మాట్లాడే మనిషి లేడన్నది తప్ప. ఎనిమిది కుర్చీల గార్డెన్ సెట్టు ఒకటి కొన్నారు గానీ ఆరు కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయాయి.

దీనికి ఎవర్నీ తప్పుపట్టలేం. మా ఊళ్ళో పొరుగువాడు చెత్తబుట్ట తీసుకుని బయటికొస్తే, అతను తిరిగి లోపలికి వెళ్ళేదాకా మనం మన తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడాలి. అది మర్యాద. పొరపాటున ఎదురుపడితే వాతావరణం గురించి ఒక మాట అనాలి. రెండో మాట అన్నవాణ్ణి తాగివున్నాడేమోనని చూస్తారు.

హిల్డింగ్ ఇంటి వెనక ఒక వాగు పారుతుంది. ఒకప్పుడు అందులో నాటు కత్తెర రొయ్యలు ఉండేవి. నాటుకోడి అంటే మనవాళ్ళు ఎలా లొట్టలేస్తారో, ఇక్కడివాళ్ళు వీటి పేరెత్తితే అలా లొట్టలేస్తారు. తర్వాత ఎవరో మహానుభావుడు పైచెరువులో సీమ రొయ్యలు వదిలాడు. సీమది మోటుగా, బలంగా ఉంటుంది. దాని ఒంట్లో ఒక తెగులుంటుంది, అది దాన్నేమీ చెయ్యదు. నాటుదానికి సోకిందా, నీళ్ళలో ఉన్నవన్నీ కొద్దివారాల్లో వెల్లకిలా పడతాయి. వాగు అలాగే ఖాళీ అయింది. తెగులు ఇంకా చేరని ఒక ఊటగుంటలో మిగిలిన కాసిన్నిటిని హిల్డింగ్ బకెట్లో తెచ్చి పెరటి కొలనులో వేశాడు. ఆ వాగు సంతతి అంటూ ఈ భూమ్మీద మిగిలింది ఆ కొలనులోనే. అందుకని వాటికి ఆకులు మేపేవాడు, ఉడకబెట్టిన బంగాళాదుంప చిదిమి వేసేవాడు, వేరే నీళ్ళలో ముంచిన చెయ్యి కడుక్కోకుండా ఆ నీళ్ళలో పెట్టేవాడు కాదు. తినాలన్న ఆలోచన అతనికి రాలేదు.

రాత్రంతా వాన కురిసిన ఒక పొద్దున తలుపు చప్పుడైంది. ఆస్త ఉలిక్కిపడి గ్యాసు మీటరు చూసేవాడేమో అనుకుంది, ఇంట్లో గ్యాసే లేదన్న సంగతి మరిచిపోయి. తీరా చూస్తే పక్కింటి సిక్స్‌టెన్. చేతిలో పార, పార మీద కత్తెర రొయ్య.

"ఇది నీదేనా?"

"నాదే," అన్నాడు హిల్డింగ్.

"నా స్ట్రాబెర్రీ మడిలో కాపురం పెట్టింది. మా కుక్క వాసన చూడబోతే ముక్కు పట్టుకుంది. మూడిళ్ళకు వినపడేట్టు ఏడ్చింది పాపం."

"తప్పయిపోయింది సిక్స్‌టెన్. వానొస్తే ఇంట్లో నిలవవు."

సిక్స్‌టెన్ వెళ్ళిపోవాల్సిందే. వెళ్ళబోతూ పార మీదకు మరోసారి చూశాడు.

"ఇంతకీ ఇది సీమదా, నాటుదా?"

"నాటుదే. మన వాగుది."

"అలాగా," అన్నాడు సిక్స్‌టెన్. గుమ్మంలో కాళ్ళు తుడుచుకున్నాడు. "కాఫీ ఏమైనా పెట్టారా?"

చూశారా మహిమ! ఆ వారంలోనే ఊళ్ళో హిల్డింగ్‌ను ఎరగనివాళ్ళు లేకుండా పోయారు. పోస్టాఫీసు దగ్గర మొహం తిప్పుకునేవాళ్ళు ఎదురొచ్చి పలకరించారు. రెండో మాట, మూడో మాట కూడా అన్నారు. చర్చి పాటల బృందాన్ని నడిపే గున్‌బ్రిట్ అయితే ఆస్త అల్లిన స్వెటర్ను మెచ్చుకుంది. ఆ స్వెటర్ వయసు పదకొండేళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మనవాళ్ళంటారు. మా ఊళ్ళో నోట్లో పడేది మంచిదైతే చాలు.

ఆగస్టు వచ్చింది. ఆగస్టులో ఇక్కడ కత్తెర రొయ్యల విందు చెయ్యనివాడు మనిషి కాడు. ఉప్పునీళ్ళలో సోయకూర పూలకంకులు వేసి ఉడికించి, చల్లార్చి, ఆరుబయట బల్లల మీద గుట్టగా పోస్తారు. పెద్దపెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా నెత్తిన కాగితపు టోపీ, మెడకు పసిపిల్లల చొంగగుడ్డ కట్టుకుని కూర్చుంటారు. తలా ఒక చిన్న గ్లాసు మందు, ప్రతి గ్లాసుకూ ముందు ఒక పాట. పెంకు కొరికి లోపలి నీళ్ళు జుర్రుమని చప్పుడు వచ్చేలా పీల్చాలి. ఏడాది పొడుగునా చప్పుడు చెయ్యని జాతి ఆ ఒక్క పూట బాకీ అంతా తీర్చుకుంటుంది.

"మీ ఇంట్లోనే కదా ఈసారి?" అని సిక్స్‌టెన్ అడిగాడు. హిల్డింగ్ అవునన్నాడు. ఏం చేస్తాడు? ఆరు కుర్చీల కవర్లు అప్పటికే విప్పేశాడు.

విందు ముందురోజు బోనులో చేపముక్క కట్టి కొలనులో దింపాడు. కాసేపటికి ఎత్తితే నాలుగైదు పడ్డాయి. అవి అతన్ని చూశాయి. అతను వాటిని చూశాడు. మెల్లగా మళ్ళీ నీళ్ళలోకి వదిలేశాడు.

"ఏమైంది?" అంది వెనక నుంచి ఆస్త.

"చిన్నవి."

"అరచెయ్యంత ఉన్నాయి."

"ఇంకా పెరగాలి."

"నా దగ్గరా నీ నాటకాలు?"

హిల్డింగ్ బోను తుడుస్తూ కూర్చున్నాడు. "ఇవి పోతే ఇంకెక్కడా లేవు ఆస్తా."

"అయితే విందు లేదని చెప్పెయ్."

"చెప్తే రారుగా."

ఆస్త కారు తాళాలు తీసుకుంది. "సూపర్‌మార్కెట్లో పెట్టెలున్నాయి. ఎక్కడినుంచో ఓడలో గడ్డకట్టి వస్తాయి. సోయకూర దండిగా వేసి ఒక పూట నానబెడితే వాటిని కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. నువ్వు మాత్రం మొహం మామూలుగా పెట్టుకో. అదొక్కటే నా భయం."

ఆస్త అన్నట్టే అయింది. విందు బ్రహ్మాండం. సిక్స్‌టెన్ మొదటిది ఒలిచి నోట్లో పెట్టుకుని, "సీమదైతే పెదవికి తగలగానే చెప్పేస్తా నేను. ఇది వేరు," అని ప్రకటించాడు. గున్‌బ్రిట్ కళ్ళు మూసుకుంది.

"వాగు రుచి," అంది. "మా తాతగారితో వెళ్ళి పట్టేదాన్ని. నాలుక మరిచిపోదండీ హిల్డింగ్ గారూ. రాళ్ళూ, నాచూ, చల్లటి ఊటనీళ్ళూ, అన్నీ తెలుస్తున్నాయి."

సముద్రాలు దాటి వచ్చిన ఆ గడ్డకట్టిన ప్రాణులు తమలో ఇన్ని ఉన్నాయని ఏనాడూ ఎరగవు. ఏం పోయింది? తిన్నవాళ్ళకు తృప్తి, పెట్టినవాడికి పేరు, కొలనులోవాటికి ప్రాణం. ఒక్క అబద్ధం మీద ముగ్గురికి మేలు చేసే ప్రభుత్వ పథకం ఏదైనా ఉంటే నాకు చూపించండి. అతిథులు వెళ్ళాక హిల్డింగ్ గిన్నెలు కడుగుతూ ఆ పాటల్నే కూనిరాగం తీశాడు.

కానీ మా ఊరివాళ్ళకు ఒక సుగుణం ఉంది. ఒకరింట తిన్నది ఊరికే అరిగించుకోరు. బదులు తీర్చేదాకా వాళ్ళకు ముద్ద దిగదు.

తర్వాతి శనివారం సిక్స్‌టెన్, గున్‌బ్రిట్, విందు తిన్న మిగతావాళ్ళు అందరూ కలిసి పెరటి దారిన వచ్చారు. సిక్స్‌టెన్ చేతిలో బకెట్. బకెట్ పిడికి నీలం రిబ్బన్. లోపల గరగరమని చప్పుడు.

"పైచెరువులో పట్టాం," అన్నాడు సిక్స్‌టెన్ గర్వంగా. "ఇంతింతున్నాయి చూడు. నీ కొలను ఖాళీ చేసి మాకు పెట్టావు. నింపే బాధ్యత మాది కదా?"

అంటూనే గట్టు దగ్గర వంగి బకెట్ ఒంపబోయాడు.

"ఆగు ఆగు," అన్నాడు హిల్డింగ్. "నీళ్ళు... నీళ్ళు వేడిగా ఉన్నాయి."

"ఇవి మొండివోయ్, మరిగే నీళ్ళలో వేసినా గట్టెక్కుతాయి."

"సీమవి కదా. తెగులు ఉంటుంది."

"తెగులేమిటి? ఉన్న నాటువన్నీ మనమే తినేశాంగా. ఎవరికొస్తుంది ఇంక?"

మాటకు మాట సరిగ్గానే ఉంది. అడకత్తెరలో పోకచెక్క అంటే అదే. నోరు విప్పితే పరువు పోతుంది, విప్పకపోతే వాగు పోతుంది. గున్‌బ్రిట్ అప్పటికే చప్పట్లు కొట్టడానికి చేతులు దగ్గరికి తెచ్చింది. ఆస్త వంటింటి కిటికీలో నిలబడి మొగుడి మొహమే చూస్తోంది.

"మీరు తిన్నవి నావి కావు," అన్నాడు హిల్డింగ్. "పెట్టెలోవి. సూపర్‌మార్కెట్‌వి. నావన్నీ ఈ నీళ్ళలోనే ఉన్నాయి."

ఒరిగిన బకెట్ అలాగే ఆగింది.

"మరి ఆ వాగు రుచి?" అంది గున్‌బ్రిట్ చివరికి.

"అది సోయకూరండీ," అంది ఆస్త కిటికీలోంచి.

ఎవరూ తిట్టలేదు. మా ఊళ్ళో తిట్టరు. తేలు కుట్టిన దొంగల్లా బకెట్ తీసుకుని, రిబ్బన్‌తో సహా, వచ్చిన దారినే వెళ్ళారు. ఆ సాయంత్రం వాటిని సిక్స్‌టెన్ ఇంట్లోనే ఉడికించుకున్నారని తెలిసింది. రుచి గురించి మాత్రం ఎవరూ నోరెత్తలేదట.

అప్పుడు మొదలైంది హిల్డింగ్‌కు అసలు కష్టం. ఇక్కడ ఒక ఆచారం ఉంది. మనకు విందు పెట్టినవాడు మళ్ళీ కనపడగానే మొట్టమొదట "పోయినసారికి థాంక్స్" అనాలి. అనకపోతే వాడంత మొరటు ఇంకొకడు లేడు. బకెట్ ఒంపాక అందామనుకున్న ఆ మాట అనకుండానే వాళ్ళు వెళ్ళిపోయారు. ఇప్పుడు హిల్డింగ్ కనపడితే ఏమనాలి? దేనికి థాంక్స్? ఆ మాట అన్నారా, ఆ పూట కళ్ళు మూసుకుని చెప్పిన రాళ్ళూ నాచూ గుర్తుకొస్తాయి. అనకపోతే మర్యాద తప్పుతుంది. కనుక కనపడకపోవడమే మేలని ఊరంతా నిశ్చయించుకుంది. హిల్డింగ్ ఒక సందులోంచి వస్తే వాళ్ళు ఇంకో సందులోకి మళ్ళారు. సిక్స్‌టెన్ చెత్త పారెయ్యడానికి చీకటి పడేదాకా ఆగేవాడు.

"కోపం నీ మీద కాదు," అంది ఆస్త. "వాళ్ళ నాలుకల మీద. అది తగ్గడానికి టైము పడుతుంది."

శీతాకాలం గడిచింది. ఎవరూ రాలేదు. కొలను మీది మంచుకు కన్నం పెట్టి చూస్తే అడుగున అవి కులాసాగా తిరుగుతున్నాయి. ఎండాకాలానికి పిల్లల్ని కూడా పెట్టాయి. ఒకప్పుడైతే హిల్డింగ్ గంతులు వేసేవాడు. ఇప్పుడు గట్టు మీద కూర్చుని, ఖాళీ కుర్చీలవైపు, నీళ్ళవైపు మార్చి మార్చి చూసేవాడు. మనుషుల అలవాటు మందు అలవాటులాంటిది. ఎరగనన్నాళ్ళూ బాగానే ఉంటుంది. ఒకసారి రుచి చూశాక మానడం కష్టం.

ఆగస్టు దగ్గరపడగానే అతను ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టాడు. మా ఊళ్ళో అలా ఎవరూ చెయ్యరు. "విందుకు రండి. ఈసారి నిజంగా మా కొలనువే," అని చెప్పాడు. మొహమాటానికి అందరూ సరేనన్నారు.

బోను దింపుతుంటే ఆస్త వచ్చి పక్కన నిలబడింది. "తీశాక మళ్ళీ వెయ్యలేవు. ఆలోచించుకో."

"ఆలోచించాను."

"పెద్దవన్నీ తీస్తేగానీ అంతమందికి చాలవు. గోరంత పిల్లలు మిగులుతాయి. అవి ఎన్ని బతుకుతాయి?"

"తెలీదు. నువ్వు సోయకూర తీసుకురా."

నల్లగా ఉన్నవి మరిగే నీళ్ళలో పడి ఎర్రగా అయ్యాయి. హిల్డింగ్ మూత తీసి చూడలేదు. ఆస్తే చూసింది.

అందరూ వచ్చారు. టోపీలు పెట్టుకున్నారు, మెడ గుడ్డలు కట్టుకున్నారు, మొదటి పాట కాస్త బిగుసుకుపోయి పాడారు. సిక్స్‌టెన్ ఒకటి ఒలిచి నోట్లో పెట్టుకుని గున్‌బ్రిట్ వైపు చూశాడు. గున్‌బ్రిట్ ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఒకసారి దెబ్బతిన్న మనిషి కదా, జాగ్రత్తగా నమిలింది.

"కొంచెం మట్టివాసన వస్తున్నట్టు లేదూ?"

"వాగు వాసనండీ," అన్నాడు హిల్డింగ్.

సిక్స్‌టెన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "చాల్లేవోయ్. ఈసారి మేం పడంలే. నిజం చెప్పు, ఎక్కడ కొన్నావు?"

ఆస్త చేతిలోది పళ్ళెంలో పడేసింది. "చూడు సిక్స్‌టెన్, ఈ మనిషి నీ కోసం..."

బల్ల కింద హిల్డింగ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అదే సూపర్‌మార్కెట్టు," అన్నాడు.

బల్లంతా ఘొల్లుమంది. ఏడాదిగా బిగుసుకున్న మెడలు ఒక్కసారి వదులయ్యాయి. సిక్స్‌టెన్ లేచొచ్చి అతని వీపు చరిచాడు. "ఆ మాట ముందే అంటే ఎంత బాగుండేది! కానీ పోయినేటివే బాగున్నాయోయ్. ఆ పెట్టె ఏ రంగుదో గుర్తుంటే వచ్చే ఏడు అదే తీసుకురా." "సోయకూర కూడా తగ్గింది," అంది గున్‌బ్రిట్, ఎంతో ఆపేక్షగా. తర్వాత ఒక్కొక్కరే గ్లాసెత్తి "పోయినసారికి థాంక్స్, హిల్డింగ్" అన్నారు. ఏడాది నుంచి గొంతులో అడ్డంపడ్డ మాట అది. పాపం, అందరికీ హాయిగా ఊపిరాడింది.

మరి నేను చెప్పింది నిజమా కాదా? కత్తెర రొయ్యల వల్ల ఒక సంసారం తిరిగి ఊళ్ళో కలిసింది. అందుకు ఖర్చయింది ఒక వాగు మాత్రమే. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను, చెడ్డవాళ్ళయితే ఈ కథ రాయడం నాకు సులువయ్యేది. ఒక మనిషి ఇంటికి ఏ కారణమూ లేకుండా వెళ్ళి, పెరట్లో కాసేపు కూర్చుని రావడం మాకు చేతకాదు. చేతనైతే ఆ కొలను అలాగే ఉండేది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

గిన్నె అడుగున చివరిది ఒకటి మిగిలింది. హిల్డింగ్ ఆ పూట అంతవరకూ ఏమీ తినలేదు. దాన్ని తీసి, తోక ఒలిచి, నోట్లో పెట్టుకున్నాడు. చిన్నప్పుడు వాగు గట్టున తిన్నాక మళ్ళీ తినడం అదే. రాళ్ళూ, నాచూ, చల్లటి ఊటనీళ్ళూ, అన్నీ ఉన్నాయి. చెబుదామని తలెత్తాడు. అప్పటికే అందరూ తర్వాతి పాట అందుకున్నారు. అతను నోట్లోది మింగి, గ్లాసు చేతిలోకి తీసుకుని, వాళ్ళతో గొంతు కలిపాడు.